ఊహాలోకాల్లో అదుపు: డిస్టోపియా నవలల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మేము కొంతమందిమి ఆదివారం సాయంత్రాలు కలిసి నవలలు చదువుకుంటాం. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, డిగ్రీ చదివే పిల్లలు, రిటైరైన పెద్దలు ఉన్నారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి కూడా వీలున్నప్పుడు వచ్చేవాళ్ళున్నారు. ఈమధ్య డిస్టోపియా నవలలు పట్టుకున్నాం. కొత్తగా వచ్చినవాళ్ళంతా దాదాపు అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఇవి నా అభిప్రాయాలు. కొన్నిటి మీద మాలో మాకే వాదనలున్నాయి.

అసలు డిస్టోపియా అంటే ఏ రకం కథ?

ఒక సమాజం మొత్తాన్ని ఎవరో పకడ్బందీగా బిగించేసి, "ఇదంతా మీ మంచికే" అని చెబుతుంటారు. లోపల ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఆ మాట నమ్ముతారు, లేదా నమ్మినట్టు నడుచుకుంటారు. ఒకరిద్దరికి అనుమానం వస్తుంది. కథ అక్కడ మొదలవుతుంది.

కరువు గురించో యుద్ధం గురించో రాసినంత మాత్రాన అది డిస్టోపియా అయిపోదు. ఆ కష్టాన్ని పనిగట్టుకుని నడిపే యంత్రాంగం కూడా కథలో కనిపించాలి. ఈ నవలల్లో నాకు బాగా నచ్చేది అదే. రాజుగారు దుర్మార్గుడు అని చెప్పి ఊరుకోరు. ఫలానా కాగితం ఎవరు దిద్దుతారు, ఫలానా గది తాళం ఎవరి దగ్గరుంటుంది, ఆ పని చేసేవాడు ఇంటికెళ్ళి పిల్లలతో ఏం మాట్లాడతాడు, ఇవన్నీ విప్పి చూపిస్తారు.

బ్రహ్మంగారి కాలజ్ఞానం కూడా ఇలాంటిదే కదా?

రెండింట్లోనూ రాబోయే చెడ్డకాలం ఉంది కాబట్టి పోలిక తట్టడం సహజం. కానీ కాలజ్ఞానం జరగబోయేది చెబుతుంది, చెప్పింది జరిగి తీరుతుందన్న నమ్మకంతో జనం వింటారు. నవలాకారుడు మాత్రం ఇప్పుడున్న ఒక అలవాటును పట్టుకుని, దీన్ని ఇలాగే వదిలేస్తే ఎంతదూరం పోతుందో చూడండి అంటాడు. ఆపే వీలుందని నమ్మకపోతే అంత కష్టపడి రాయడు. పైగా కలియుగ వర్ణనల్లో మనుషుల బుద్ధి చెడిపోతుంది. ఈ నవలల్లో మనుషులు అచ్చం మనలాగే ఉంటారు, వాళ్ళను నడిపే వ్యవస్థే చెడ్డది.

మన కథల్లో దీనికి దగ్గరగా వచ్చేది ఏదంటే నేను ప్రహ్లాదుడి కథ చెబుతాను. ఆ రాజ్యంలో హరి పేరు ఎత్తకూడదు. రాజు తన కొడుకును చండామార్కుల బడిలో వేస్తాడు. బడి పని చదువు చెప్పడం ఒక్కటే కాదు, పిల్లాడి మనసులోంచి ఒక పేరును తుడిచెయ్యడం కూడా. భక్తి కథగా విన్నదాన్ని ఈ వైపు నుంచి చూస్తే హిరణ్యకశిపుడి భయం ఎంత లోతైనదో తెలుస్తుంది.

ఈ ఊహాలోకాల్లో జనాన్ని అదుపులో పెట్టేది భయమేనా?

భయం ఉంటుంది. జైళ్ళు, హింసలు, మాయమైపోయే మనుషులు అన్నీ ఉంటాయి. కానీ రోజూ కొరడా పట్టుకుని ఏ రాజ్యమూ నడవదు. ఈ నవలలు వరసగా చదివాక నాకు బలంగా అనిపించింది ఒకటుంది: వీటన్నిట్లోనూ పాలకులు ముందుగా లాక్కునేది పోల్చి చూసుకునే అవకాశాన్ని. నిన్నటితో ఇవాళను, మన ఊరితో పక్క ఊరిని, నాకు తెలిసినదాన్ని నీకు తెలిసినదానితో పోల్చుకోలేకపోతే, కొరడా లేకపోయినా మనిషి కదలడు.

జార్జ్ ఆర్వెల్ రాయగా 1949లో అచ్చయిన 'నైన్టీన్ ఎయిటీ-ఫోర్'లో ఒక చిన్న ఘట్టం ఉంది. అందులో విన్‌స్టన్ అనే ఉద్యోగి పాత పేపర్లలోని వార్తలు మార్చే పని చేస్తుంటాడు. ఒకరోజు చాక్లెట్ రేషన్ వారానికి 30 గ్రాముల నుంచి 20 గ్రాములకు తగ్గిస్తున్నట్టు ప్రకటన వస్తుంది. మర్నాడే ఇంకో ప్రకటన: రేషన్‌ను 20 గ్రాములకు పెంచినందుకు ప్రజలు నాయకుడికి కృతజ్ఞతగా ఊరేగింపులు తీశారట. క్యాంటీన్‌లో భోంచేస్తూ అది విన్న విన్‌స్టన్ చుట్టూ చూస్తాడు. ఎవరి ముఖంలోనూ ఏ అనుమానమూ లేదు. ఒకడు నిజంగానే సంతోషపడుతున్నాడు. తనకొక్కడికే నిన్నటిది గుర్తుందా అని విన్‌స్టన్‌కు టెన్షన్ పట్టుకుంటుంది. పక్కవాణ్ణి "నిన్న 30 కదా?" అని ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. అడగలేడు. అడిగితే వాడు వెళ్ళి చెప్పేస్తాడేమోనని భయం. పాత పేపరు తీసి చూద్దామంటే దాన్ని దిద్దిన చేతుల్లో తనవీ ఉన్నాయి.

ఈ పేజీలు చదివిన ఆదివారం మా గదిలో చాలాసేపు మాటలు నడిచాయి. మేం ఉండేది సరిహద్దులో. కాస్త దూరం పోతే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. పెట్రోలు ఇక్కడెంత అక్కడెంత, పింఛను ఇక్కడెంత అక్కడెంత, మా పిల్లాడి పుస్తకంలో ఏముంది మీ పిల్లాడి పుస్తకంలో ఏముంది, ఇదంతా మాకు నిత్యం ఉండే ముచ్చట. సరిహద్దు మనిషికి పోల్చి చూడటం పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ నవలలో రాజ్యం తన జనాన్ని విదేశీయులతో మాట్లాడనివ్వదు, వాళ్ళ భాష నేర్చుకోనివ్వదు. మాట్లాడితే అవతలివాళ్ళూ తమలాంటి మనుషులేనని తెలిసిపోతుందని రచయితే రాశాడు. ఆ మాట సరిహద్దుకు దూరంగా ఉన్నవాళ్ళకంటే మాకు త్వరగా అర్థమైందని నా నమ్మకం.

ఎవరో చూస్తున్నారన్న ఊహ ఒక్కటే అంత పని చేస్తుందా?

చేస్తుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర జెరెమీ బెంథామ్ అనే ఇంగ్లీషు ఆలోచనాపరుడు ఒక జైలు నమూనా తయారుచేశాడు. గుండ్రటి భవనం, చుట్టూ గదులు, మధ్యలో బురుజు. బురుజులో ఉన్నవాడికి ప్రతి గదీ కనిపిస్తుంది. గదిలో ఉన్నవాడికి బురుజులో మనిషి ఉన్నాడో లేడో తెలియదు. తెలియదు కాబట్టి ఉన్నట్టే నడుచుకుంటాడు. కాపలావాడు నిద్రపోయినా కాపలా నడుస్తూనే ఉంటుంది.

రష్యన్ రచయిత యెవ్గేనీ జమ్యాతిన్ 1920-21లో రాసిన 'వీ' నవలలో ఊరంతా అద్దాల ఇళ్ళే. మనుషులకు పేర్లు లేవు, నంబర్లున్నాయి. కథ చెప్పేవాడు డి-503. అందరూ ఒకే గంటకు లేస్తారు, ఒకే గంటకు తింటారు. తెరలు దించుకోవడానికి చీటీ కావాలి, అదీ కొద్దిసేపే. విచిత్రమేమంటే డి-503కి ఇందులో బాధ లేదు. దాచుకోవడానికి ఏమీ లేనివాడికి గోడలెందుకని అతని వాదన. జమ్యాతిన్ ఓడలు కట్టే ఇంజనీరు కూడా, అందుకేనేమో ఆ నగరం వర్ణన అంత కొలతగా ఉంటుంది. సోవియట్ పాలకులు ఆ నవలను అచ్చు కానివ్వలేదు. ముందు ఇంగ్లీషులో 1924లో వచ్చింది, సొంత దేశంలో వెలుగు చూసేసరికి 1988.

ఆర్వెల్ నవలలో గోడకు తగిలించిన తెర ఉంటుంది. అది మాట్లాడుతుంది, వింటుంది, చూస్తుంది. దాన్ని కట్టెయ్యడానికి పార్టీలోని మామూలు సభ్యులకు వీల్లేదు. కానీ నన్ను ఎక్కువ కలవరపెట్టింది తెర కాదు, పార్సన్స్ అనే పక్కింటాయన. నిద్రలో నాయకుణ్ణి తిట్టాడని అతని కూతురే తాళం కన్నంలోంచి విని పట్టిస్తుంది. ఆ అమ్మాయికి ఏడేళ్ళు. జైల్లో ఆయన, పిల్లను బాగా పెంచానని గర్వంగా చెప్పుకుంటాడు. ఇల్లు కూడా మనసు విప్పే చోటు కాకుండా పోతే, ఇక పోల్చుకోవడం ఎవరితో?

మరి రేషన్ కార్డు, ఆధార్, సీసీ కెమెరాలు? ఇవీ ఆ కోవలోవేనా?

అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. తొందరపడి అవుననో కాదనో చెప్పడం నాకు ఇష్టం లేదు.

కోరాపుట్ జిల్లా కొటియా పంచాయతీలో 21 ఊళ్ళ మీద ఆంధ్రప్రదేశ్‌కూ ఒడిశాకూ ఏళ్ళ తరబడి వివాదం నడుస్తోంది. అక్కడి చాలామందికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర ప్రభుత్వం అక్కడ కొన్ని ఊళ్ళకు పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఇద్దరూ మీరు మావాళ్ళే అంటున్నారు. కొండ మీద బతికే మనిషి వైపు నుంచి చూడండి: జాబితాలో పేరు లేకపోతే బియ్యం రావు, పింఛను రాదు, రోడ్డు రాదు. ప్రభుత్వం కంట పడకపోవడం అతనికి స్వేచ్ఛ కాదు. అందుకని పేరు రాసుకున్న ప్రతి రిజిస్టరూ నిఘా అంటే నేను ఒప్పుకోను.

నేను చూసేది చూపు ఎటువైపు నడుస్తోందన్నది. బెంథామ్ బురుజులో ప్రమాదమంతా చూపు ఒకవైపే ఉండటంలో ఉంది. వాళ్ళు నన్ను చూస్తారు, నేను వాళ్ళను చూడలేను. మనకు 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అర్జీ పెట్టి, ఫలానా రోడ్డుకు ఎంత ఖర్చుపెట్టారో చెప్పండి అని ఆఫీసును అడగొచ్చు. అంటే కింద గదిలో ఉన్నవాడికి బురుజులోకి చూసే కిటికీ దొరికిందన్నమాట. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ఈ రెండూ ఉన్న దేశాన్ని ఆర్వెల్ రాజ్యంతో సమానం చెయ్యడం అన్యాయం. అలాగని నిశ్చింతగా ఉండమనీ చెప్పను. కెమెరా పెట్టినప్పుడు ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళు దాస్తారు, తప్పు జరిగితే ఎవరిని అడగాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేకపోతే నాకు బెంగగానే ఉంటుంది.

భాషను తగ్గిస్తే ఆలోచన తగ్గుతుందా?

ఆర్వెల్ రాజ్యంలో కొత్త నిఘంటువు తయారవుతూ ఉంటుంది. ప్రతి కూర్పుకూ మాటలు పెరగాలి కదా, అక్కడ తగ్గుతాయి. సైమ్ అనే ఉద్యోగి ఆ పని ఎంత అందమైనదో పొంగిపోతూ చెబుతాడు. తిరగబడటానికి మాటే లేనప్పుడు తిరుగుబాటు ఎలా వస్తుందని వాళ్ళ లెక్క. కొన్నాళ్ళకు సైమ్ కూడా మాయమవుతాడు. ఆ పనిని అంత బాగా అర్థం చేసుకున్నవాడు ఉండకూడదు మరి.

మాట లేకపోతే ఊహే పుట్టదన్నది కొంచెం ఎక్కువ చేసి చెప్పిన సంగతని నా అభిప్రాయం. బాధ ఉంటే మనిషి ఏదో ఒక మాట పుట్టిస్తాడు. కానీ ఏ మాట బడిలో చెల్లుతుంది, ఏది చెల్లదు అని పైవాళ్ళు తేల్చడంలో ఎంత బలం ఉందో మా ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి బడిలోనే పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే తెలుగు పరీక్ష రాయడానికి పనికిరాదన్న కాలమది. దానిమీద ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. చుట్టూ కొండల మీద సవరలున్నారు. వాళ్ళ భాష ఆయన పట్టుబట్టి నేర్చుకుని, వాచకాలు, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. 1936లో మంగై గొమాంగో సవర భాషకు సొంత లిపి చేశారు. ఆర్వెల్ నిఘంటువు ఏటా సన్నబడుతుంటే, ఈ కొండల కింద ఒక నిఘంటువు పుట్టింది. ఆ నవల చదివినప్పుడల్లా నాకు ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

బాధే లేని సమాజం డిస్టోపియా ఎలా అవుతుంది?

ఆల్డస్ హక్స్‌లీ 'బ్రేవ్ న్యూ వరల్డ్' (1932) చదవండి. అక్కడ ఆకలి లేదు, యుద్ధం లేదు, ముసలితనపు జబ్బులు లేవు. పిల్లలు తల్లి కడుపులో కాక సీసాల్లో పెరుగుతారు. పుట్టకముందే అయిదు తరగతులుగా విడగొడతారు. కింది తరగతికి కావాలనే ప్రాణవాయువు తగ్గిస్తారు. మనసు బాగోలేకపోతే సోమ అనే బిళ్ళ ఉంది.

అందులో ఒక గది ఉంది, ఆ నాలుగు పేజీలు మర్చిపోవడం కష్టం. ఎనిమిది నెలల పిల్లల ముందు రంగురంగుల బొమ్మల పుస్తకాలు, గులాబీలు పెడతారు. పిల్లలు కేరింతలు కొడుతూ పాకుతూ వస్తారు. చేత్తో ముట్టుకోగానే పెద్ద పెద్ద గంటలు మోగుతాయి, నేలలోంచి కరెంటు షాక్ కొడుతుంది. ఇలా పదేపదే. తర్వాత వాళ్ళకు పూలన్నా పుస్తకాలన్నా జన్మంతా భయమే. పుస్తకాల సంగతి సరే, పూలెందుకు? పూలను చూసి ఆనందించడానికి డబ్బులు ఖర్చు కావు కాబట్టి. ఖర్చు లేని ఆనందం వల్ల ఫ్యాక్టరీలకు లాభం లేదని అక్కడి అధికారి తాపీగా వివరిస్తాడు.

నన్నడిగితే అన్నిటికంటే ఇదే లోతైన అదుపు. విన్‌స్టన్‌కు పోల్చి చూసుకోవాలని ఉంది, కుదరనివ్వరు. హక్స్‌లీ మనుషులకు ఆ కోరికే పుట్టదు. హక్స్‌లీ ఒకప్పుడు ఈటన్ బడిలో కొద్దికాలం పాఠాలు చెప్పాడు, ఆ బడిలో చదివినవాళ్ళలో ఆర్వెల్ ఒకడు. 1949లో ఆర్వెల్ నవల చదివి హక్స్‌లీ ఉత్తరం రాశాడు. పాలకులు బూటుకాలితో తొక్కడం కన్నా ఖర్చు తక్కువ దారి కనిపెడతారని, అది తన నవలలో చెప్పినదానికి దగ్గరగా ఉంటుందని అందులో సారాంశం. ఎవరు గెలిచారని మా పిల్లలు అడుగుతారు. రెండూ ఒకే ఊళ్ళో ఒకేసారి ఉండగలవని నా జవాబు.

పుస్తకాలు తగలబెట్టే నవల ఒకటుందట?

రే బ్రాడ్‌బరీ 'ఫారెన్‌హీట్ 451', 1953. ఫైర్‌మెన్ మంటలు ఆర్పరు, పుస్తకాలున్న ఇళ్ళకు నిప్పు పెడతారు. సెన్సారు గురించి అని అందరూ అంటారు కానీ అందులో అసలు సంగతి ఇంకోటి. ఫైర్‌మెన్ పెద్ద చెబుతాడు: ఇది ప్రభుత్వం మొదలుపెట్టింది కాదు, జనమే ముందు చదవడం మానేశారు, పొట్టి సారాంశాలు చాలనుకున్నారు, ఎవరికీ నొప్పి తగలని రాతే కావాలన్నారు, చివర్లో మేం అగ్గిపుల్ల గీశాం అంతే. నవల చివర అడవిలో కొందరుంటారు, ఒక్కొక్కరు ఒక్కో పుస్తకాన్ని కంఠతా పట్టినవాళ్ళు. పోతన పద్యాలు నోటికొచ్చిన పెద్దవాళ్ళు మా బృందంలో ఉన్నారు కాబట్టి ఆ పేజీలు వాళ్ళను బాగా కదిలించాయి.

నిషేధాలు మనకు కొత్త కాదు. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి గంజాం జిల్లా మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోదే. అంటే ఆ ఉత్తర్వు బరంపురానికీ పర్లాకిమిడికీ కూడా వర్తించింది.

ఆడవాళ్ళ మీద అదుపు గురించి ఏం చదవాలి?

మార్గరెట్ అట్‌వుడ్ 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' (1985). అమెరికాలో కొంతభాగాన్ని మతరాజ్యం పట్టుకుంటుంది. పిల్లల్ని కనగలిగే ఆడవాళ్ళను అధికారుల ఇళ్ళకు కేటాయిస్తారు. వాళ్ళ పేర్లు తీసేసి ఆ అధికారి పేరుతో పిలుస్తారు. చరిత్రలో ఎక్కడో ఒకచోట జరగని పనిని ఈ నవలలో పెట్టలేదని రచయిత్రే చెప్పారు.

ఆ ఆడవాళ్ళకు తొడిగించే ఎర్ర గౌన్ల గురించి అందరూ మాట్లాడతారు. నేను మాత్రం దానికి ముందు జరిగిన ఒక్కరోజు చదవమంటాను. కథ చెప్పే ఆవిడ కొట్టుకు వెళ్ళి కార్డు ఇస్తుంది, కార్డు చెల్లదంటారు. ఏదో పొరపాటనుకుంటుంది. ఆఫీసుకు వెళితే మధ్యాహ్నం డైరెక్టర్ వచ్చి ఆడవాళ్ళందరినీ పంపేస్తాడు, బయట తుపాకులతో మనుషులున్నారు. ఖాతాలో డబ్బు ఇక భర్త పేరునో దగ్గరి మగ బంధువు పేరునో ఉంటుందట. సాయంత్రం భర్త నేనున్నానుగా అని ఓదారుస్తాడు. మంచివాడే. కానీ ఆ క్షణంలో ఇద్దరి మధ్య ఏదో మారిపోయిందని, అతనికి అది అంత కష్టంగా లేదేమోనని ఆవిడకు తడుతుంది. మా బృందంలో స్వయం సహాయక సంఘం నడిపే ఒకావిడ ఇది విని, "పాస్‌బుక్కు నా పెట్టెలో ఉండటం వేరమ్మా, ఆయన పెట్టెలో ఉండటం వేరు" అన్నారు. మేం ఇంతసేపు చెప్పుకున్నది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు.

జ్ఞాపకాలను కూడా అదుపు చేస్తారా?

జపాన్ రచయిత్రి యోకో ఒగావా 'ది మెమరీ పోలీస్'లో (జపనీస్‌లో 1994, ఇంగ్లీషులో 2019) ఒక దీవి ఉంది. అక్కడ వస్తువులు ఒక్కొక్కటిగా మాయమవుతాయి. గులాబీల వంతు వచ్చిన రోజు నది నిండా రేకులు కొట్టుకొస్తాయి. జనం కాసేపు చూసి ఎవరి పనికి వాళ్ళు పోతారు. కొన్నాళ్ళకు గులాబీ అంటే ఏమిటో గుర్తుండదు. మర్చిపోలేనివాళ్ళను పోలీసులు పట్టుకుపోతారు. నెమ్మదిగా నడిచే నవల, ఓపిక కావాలి.

ఇవన్నీ దొరల దేశాల కథలు. మనకేం సంబంధం?

ఆర్వెల్ పుట్టింది బీహార్‌లోని మోతీహారిలో, 1903లో. 1922 నుంచి 1927 దాకా బర్మాలో బ్రిటిష్ పోలీసు ఉద్యోగం చేశాడు. గోపాల్‌పూర్ రేవులో ఓడలెక్కి మన గంజాం, విశాఖ జిల్లాల మనుషులు రంగూన్‌లో కూలికి పోయిన రోజులవే. అదుపు చేసేవాడి మనసు ఎలా ఉంటుందో అతను ముందు నేర్చుకుంది యూరప్‌లో కాదు, మనలాంటివాళ్ళను పాలించే ఉద్యోగంలో.

ఇంకా దగ్గరికి వస్తే నేర తెగల చట్టం ఉంది. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా జాబితాలో ఎక్కించారు. వేలిముద్రలు తీసుకున్నారు. పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. స్టూవర్టుపురం ఎరుకల కుటుంబాలు ఇలా సెటిల్‌మెంట్‌లో (నిఘాలో ఉంచే కాలనీలో) బతికినవాళ్ళే. దేశమంతటా ఆ చట్టం పూర్తిగా పోయింది 1952లోనే. జమ్యాతిన్ నంబర్ల మనుషుల్ని ఊహిస్తున్న రోజుల్లోనే మన దగ్గర ఆ హాజరు పట్టీ నిజంగా నడుస్తోంది.

మనవాళ్ళు రాసినవీ ఉన్నాయి. బేగం రొకేయా 1905లో మద్రాసు పత్రికలో అచ్చు వేసిన 'సుల్తానాస్ డ్రీమ్'లో ఆడవాళ్ళు రాజ్యం ఏలుతుంటే మగవాళ్ళు ఘోషాలో ఉంటారు. అది మంచిలోకపు కల, కానీ ఉన్న అదుపును తిరగేసి చూపిస్తుంది. ప్రయాగ్ అక్బర్ 'లైలా' (2017)లో నగరం కులాలవారీగా, మతాలవారీగా గోడలు కట్టుకుంటుంది, అందులో ఒక తల్లి పోయిన కూతురి కోసం వెతుకుతుంది.

నచ్చని ప్రభుత్వాన్ని డిస్టోపియా అనొచ్చా?

ఆ మాటను పొదుపుగా వాడమని నా మనవి. మా బృందంలో అన్ని పార్టీలవాళ్ళూ ఉన్నారు. ఎమర్జెన్సీ (1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 దాకా) చూసిన పెద్దలున్నారు. అచ్చుకు ముందే పేపర్లను సెన్సారు చేసిన రోజులు వాళ్ళకు తెలుసు. అలాంటివాళ్ళ ఎదుట కరెంటు కోతను కూడా డిస్టోపియా అంటే వాళ్ళు చూసినదానికి విలువ లేకుండా పోతుంది. మా నియమం ఒకటే: పేరు పెట్టేముందు పద్ధతి చెప్పాలి. ఎవరు, ఏ పని, ఏ కాగితంతో చేస్తున్నారో చెప్పలేకపోతే పేరు పెట్టొద్దు.

పిల్లలతో చదివించొచ్చా?

ప్లస్ టూ దాటినవాళ్ళు ఏదైనా చదవొచ్చు. హైస్కూలు పిల్లలకు బ్రాడ్‌బరీ సరిపోతుంది. ఆర్వెల్ చివరి భాగంలో చిత్రహింస ఉంది, అట్‌వుడ్‌లో లైంగిక హింస ఉంది. పక్కన పెద్దవాళ్ళుండి మాట్లాడితే మంచిది.

ఇవి చదివితే దిగులు పట్టుకోదా?

పట్టుకుంటుంది. ఒకేసారి వరసగా చదవకండి. కానీ చివరి పేజీ మూసేసి వెళ్ళిపోకండి కూడా. ఆర్వెల్ నవలలో కథ అయిపోయాక కొత్త భాష గురించి ఒక అనుబంధం ఉంది. అది మామూలు ఇంగ్లీషులో, ఆ రాజ్యం గతంలో ఎప్పుడో ఉండేదన్నట్టు రాసి ఉంటుంది. రాజ్యం కూలిపోయిందని రచయిత చెప్పకుండా చెప్పాడని కొందరు పాఠకుల నమ్మకం, నాదీ అదే. ఆ అనుబంధం తీసేస్తే వేస్తామని అమెరికాలో ఒక పెద్ద బుక్ క్లబ్ అడిగితే ఆర్వెల్ ఒప్పుకోలేదు. అట్‌వుడ్ నవల చివర 2195లో ప్రొఫెసర్లు కూర్చుని ఆ మతరాజ్యాన్ని పాత చరిత్రగా చర్చించుకుంటుంటారు.

సొంతంగా ఒకటి రాయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కెమెరాలతో, రోబోలతో మొదలుపెట్టకండి. మీకు బాగా తెలిసిన ఒక కౌంటరు దగ్గర మొదలుపెట్టండి: రేషన్ డిపో, బస్టాండు, బడిలో ప్రేయరు, ఆస్పత్రి ఓపీ చీటీ. అక్కడ ఒకే ఒక్క నియమం మార్చండి. ఉదాహరణకు చెక్‌పోస్టు దాటినప్పుడల్లా అవతల ఏ ధర చూశారో చెప్పకూడదని సంతకం పెట్టాలనుకోండి. ఆ కాగితం ఏ భాషలో ఉంటుంది? చదవడం రానివాళ్ళకు ఎవరు చదివి వినిపిస్తారు? ఆ చదివే కుర్రాడికి నెలకెంత? వాళ్ళమ్మ సంతకు అవతలికి వెళ్ళొస్తే ఏం చేస్తాడు? ఇవి తేలేసరికి సగం కథ వచ్చేస్తుంది. నియంతను చూపించాల్సిన పనే ఉండదు. మా దగ్గరికి వచ్చిన రాతల్లో ఎక్కువ దెబ్బతిన్నవి మొదటి పేజీలోనే నియంత ఉపన్యాసం పెట్టినవి.

నాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. రావచ్చా?

తప్పకుండా రండి. ఒడియా మీడియంలో చదివిన మా పిల్లల్లో చాలామంది పరిస్థితి ఇదే. దీన్ని నేను అణచివేత అనను. బడి ఉన్న భాషలో చదువుకున్నారు, అంతే. అందుకే మేం పైకి చదువుతాం. ఒకరు తెలుగులో చదువుతుంటే ఇంకొకరు అర్థం కానిచోట ఒడియాలో చెబుతారు. వాక్యం సరిగ్గా అందిందా లేదా అన్నది అప్పుడే తేలుతుంది.

తెలుగులో పుస్తకాలు దొరక్కపోతే?

మేమే కొంచెం కొంచెం అనువాదం చేసుకుంటున్నాం. మన దేశపు కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళకు హక్కులు తీరిపోతాయి. జమ్యాతిన్ 1937లో, ఆర్వెల్ 1950లో, హక్స్‌లీ 1963లో పోయారు కాబట్టి ఈ ముగ్గురినీ ఎవరైనా తెలుగు చెయ్యొచ్చు. జమ్యాతిన్‌ది ఇంగ్లీషులోంచి చేస్తే ఆ ఇంగ్లీషు అనువాదకుడి హక్కులు కూడా చూసుకోవాలి. 1924 నాటి గ్రెగరీ జిల్‌బూర్గ్ అనువాదానికి ఆ ఇబ్బంది లేదు. బ్రాడ్‌బరీ, అట్‌వుడ్, ఒగావాలకు అనుమతి తప్పనిసరి. ప్రస్తుతం ఆర్వెల్ క్యాంటీన్ ఘట్టం మీద ఉన్నాం. గ్రాముల్నీ కూపన్లనీ మన డిపో మాటల్లో పెట్టాలా, లండన్‌లోనే ఉంచాలా అన్నదాని మీద ఇంకా తేలలేదు. మీకు ఇందులో చెయ్యి కలపాలని ఉంటే రాసిన పేజీలు పట్టుకుని రండి.